పీఎఫ్‌ను కదపకండి, సూపర్‌యాన్యుయేషన్ సొమ్మును మార్చుకోండి

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 41 ఏళ్లు. మఠంపల్లి వైపు ఒక సిమెంటు కర్మాగారంలో సూపర్‌వైజరు. 2009 సెప్టెంబరులో కొత్తూరు దగ్గర ఒక నూలు మిల్లులో మొదటి ఉద్యోగం, 2013 నుంచి పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ, 2019 నుంచి ఇక్కడ. మూడు చోట్లా పీఎఫ్ కట్టారు, అన్నీ కలిపి 9 లక్షల 40 వేలు ఉంటుందని మీ అంచనా. అది కాక ఇప్పటి కంపెనీ స్టాఫ్ గ్రేడు వాళ్ల పదవీ విరమణ కోసం విడిగా కట్టే సూపర్‌యాన్యుయేషన్ నిధిలో మీ పేరున 2 లక్షల 60 వేలు ఉంది. ఇప్పుడు కంపెనీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. సూపర్‌యాన్యుయేషన్ బదులు ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) కావాలనుకునే వాళ్లు మారవచ్చు, పాత నిల్వను కూడా అక్కడికి బదిలీ చేయిస్తాం, నెలాఖరులోగా సంతకం పెట్టి ఇవ్వండి అని. అది చూసి మీకు ఇంకో ఆలోచన వచ్చింది. ఎలాగూ మారుతున్నప్పుడు పీఎఫ్ మొత్తాన్ని కూడా తీసుకెళ్లి, నేను ఎంచుకున్న ఫండ్ మేనేజరు దగ్గర పెట్టుకోవచ్చు కదా అని అడుగుతున్నారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సూపర్‌యాన్యుయేషన్ సొమ్మును నిశ్చింతగా మార్చుకోండి. పీఎఫ్ జోలికి వెళ్లకండి. కాకపోతే పీఎఫ్ విషయంలో మీరు వెంటనే చేయవలసిన పని ఒకటి ఉంది. అది ఎన్‌పీఎస్‌కు సంబంధించినది కాదు, కొత్తూరు మిల్లుకు సంబంధించినది. దాని దగ్గరకు వస్తాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా కర్మాగారాల వేతనాల విభాగంలోనే పనిచేశాను. పదవీ విరమణ చేసి నల్గొండలో స్థిరపడ్డాక కూడా ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని మా ఇంటి వరండాలోకి వస్తారు. వాళ్లలో సగం మంది అడిగేది డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ పెరుగుతుందని. ఆ కాగితాలు విప్పి చూస్తే అసలు ఇబ్బంది వేరేచోట ఉంటుంది. ఉన్న డబ్బే ఒకచోట ఉండదు.

ముందు పీఎఫ్ అనే మాటలో ఏమేమి ఉన్నాయో విడదీయాలి. మీ పాస్‌బుక్ తెరవండి. మూడు నిలువు వరుసలు కనిపిస్తాయి. ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. మీ మూలవేతనం, కరువు భత్యం కలిపి 24,000 అనుకుందాం, కంపెనీ పూర్తి జీతం మీద కడుతోందనుకుందాం. మీ జీతంలోంచి 12 శాతం, అంటే 2,880 మొదటి వరుసలోకి వెళుతుంది. కంపెనీ కూడా 2,880 కడుతుంది. అయితే అందులో 1,250 మూడో వరుసకు పోయి, మిగిలిన 1,630 మాత్రమే రెండో వరుసలో పడుతుంది. ఈ 1,250 ఎక్కడిదంటే, 15,000 గరిష్ఠ వేతనం మీద 8.33 శాతం. మీకు జీతం లక్ష ఉన్నా ఈ అంకె ఇంతే.

మొదటి రెండు వరుసలు మీ పేరున పోగయ్యే డబ్బు. మూడోది అలా కాదు. అది 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకం, ఈపీఎస్. అందులో మీ పేరున నిల్వ పెరగదు, వడ్డీ పడదు. మీకు జమయ్యేది సర్వీసు. ఎన్నేళ్లు పనిచేశారు, చివరి 60 నెలల సగటు వేతనం ఎంత అన్నదే లెక్క. కాబట్టి ‘నా పీఎఫ్ మొత్తం ఎన్‌పీఎస్‌కు మార్చుకుంటాను’ అన్నప్పుడు ఈ మూడో వరుస అందులోకి రానే రాదు. అక్కడ మార్చడానికి నిల్వ లేదు, హక్కు మాత్రమే ఉంది.

ఆ హక్కు విలువ ఎంతో మీ విషయంలోనే వేసి చూపిస్తాను. వేతనాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. 2014 సెప్టెంబరు 1 వరకు వేతన పరిమితి 6,500, ఆ తర్వాత 15,000. ఏ కాలం సర్వీసుకు ఆ కాలం పరిమితి వర్తిస్తుంది. 2009 సెప్టెంబరు నుంచి 2014 ఆగస్టు వరకు మీ అయిదేళ్లకు 6,500 చొప్పున లెక్క వేస్తే 464 రూపాయలు. అక్కడి నుంచి 2042లో మీకు 58 నిండే వరకు 28 ఏళ్లు, 15,000 చొప్పున 6,000 రూపాయలు. రెండూ కలిపి నెలకు 6,464. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు అదనంగా కలిపే రెండేళ్లను నేను ఇందులో వేయలేదు. పెద్ద మొత్తం కాదని మీరు అనవచ్చు, నిజమే. కానీ ఇది బతికినంత కాలం వస్తుంది, మీ తర్వాత మీ భార్యకు అందులో సగం వస్తుంది, మార్కెట్ పడినా లేచినా మారదు.

ఇక మొదటి రెండు వరుసలు. వీటిని మార్చవచ్చని మీరు ఎక్కడో చదివానన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. 2016 ఆర్థిక చట్టం ద్వారా ఆదాయపు పన్ను నిబంధనల్లో ఒక మార్పు తెచ్చారు. గుర్తింపు పొందిన ప్రావిడెంట్ ఫండ్ నుంచి ఉద్యోగి నిల్వ మొత్తాన్ని ఎన్‌పీఎస్ ఖాతాకు మార్చితే దానిమీద పన్ను ఉండదన్నారు. సూపర్‌యాన్యుయేషన్ నిధులకు కూడా అదే వెసులుబాటు ఇచ్చారు. ఆ తర్వాత 2017 మార్చిలో పింఛను నిధుల నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ ఈ బదిలీ ఎలా జరగాలో చెబుతూ సర్క్యులర్ ఇచ్చింది. కాగితం మీద దారి ఉన్నట్టే.

కానీ ఆచరణకు వస్తే, మీ సంస్థకు పీఎఫ్ వర్తిస్తున్నంత కాలం, మీరు అందులో పనిచేస్తున్నంత కాలం సభ్యత్వం వదులుకునే వీలు మీకు లేదు. నడుస్తున్న ఖాతాలో నిల్వను మధ్యలో లాగి ఇంకోచోట పెట్టడం కుదరదు. 2015 బడ్జెట్ ప్రసంగంలో ఉద్యోగి ఈపీఎఫ్, ఎన్‌పీఎస్‌లలో ఏదో ఒకటి ఎంచుకునే అవకాశం ఇస్తామని ఆర్థికమంత్రి ప్రకటించారు. ఆ ఎంపిక ఉద్యోగుల చేతికి రాలేదు. సభ్యుల పోర్టల్ తెరిచి చూడండి. ఒక పీఎఫ్ ఖాతా నుంచి ఇంకో పీఎఫ్ ఖాతాకు మార్చే అభ్యర్థన ఉంటుంది, అడ్వాన్సుకు ఫారం 31 ఉంటుంది, తుది చెల్లింపుకు 19, పెన్షన్ కోసం 10సీ, 10డీ ఉంటాయి. ఎన్‌పీఎస్‌కు మార్చమని అడిగే మీట ఎక్కడా లేదు.

ఒకవేళ దారి సులువుగా ఉన్నా మీకు నేను వద్దనే చెబుతాను. పీఎఫ్ వడ్డీ 2015-16లో 8.8 శాతం. బాగా తగ్గిన 2021-22లో 8.1. 2023-24లోనూ 2024-25లోనూ 8.25. ఈ రేటే నిలిస్తే డబ్బు తొమ్మిదేళ్లలోపే రెట్టింపవుతుంది. ఏ ఏడూ అసలు తగ్గదు, అయిదేళ్ల సర్వీసు దాటినవారికి తీసుకునేటప్పుడు పన్ను ఉండదు. మన జిల్లాల్లో ఒక కర్మాగారపు ఉద్యోగికి ఇంతకన్నా స్థిరమైన పొదుపు నాకు తెలిసి ఇంకోటి లేదు. పిల్ల పెళ్లికో, ఇంటికో, ఆస్పత్రికో అవసరం పడితే పీఎఫ్ నుంచి అడ్వాన్సు తీసుకోవచ్చు. ఎన్‌పీఎస్‌లో మధ్యలో చేయి పెట్టాలంటే సొంతంగా కట్టిన చందాల్లో 25 శాతం మించి రాదు, అదీ నిబంధనల్లో రాసిన కారణాలకే. గడువు నిండకముందే ఖాతా మూసేసి బయటికి రావాలంటే, చిన్న నిల్వలకు తప్ప, 80 శాతంతో యాన్యుటీ, అంటే బీమా సంస్థ నెలనెలా ఇచ్చే పింఛను, కొనవలసిందే. అంటే చేతికొచ్చేది అయిదో వంతు.

బదిలీ వీలుకాదని తెలిసినప్పుడు కొందరు ఇంకో దారి చూపిస్తారు. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేసి, ఆ డబ్బు నచ్చిన పెన్షన్ పథకంలో పెట్టండి అంటారు. దయచేసి దీన్ని బదిలీ అనుకోకండి. ఇది ఖాతాను చంపేయడం.

ఒక మనిషి సంగతి చెబుతాను, పేరు అవసరం లేదు. జడ్చర్లలో పనిచేసేవాడు, సొంత ఊరు దేవరకొండ పక్క పల్లె. ఉద్యోగం మానేసి ఇంకో కంపెనీలో చేరే మధ్యకాలంలో 3 లక్షల 80 వేల పీఎఫ్ తీశాడు. పరిచయస్తుడైన ఒక ఏజెంటు ‘పెన్షన్ ప్లాన్’ అని చెప్పి పాలసీ చేయించాడు. ఒకేసారి కట్టే పాలసీ అనుకుని సంతకం పెట్టాడు. అది ఏటా 60,000 కట్టవలసిన పాలసీ. నా దగ్గరకు వచ్చినప్పుడు బాండు పేపరు ఎర్ర గుడ్డలో చుట్టి తెచ్చాడు, దేవుడి పటం వెనక దాచేవాడట. విప్పి రెండో పేజీలో ప్రీమియం వాయిదా అన్నచోట ‘వార్షికం’ అన్న ఒక్క మాట చూపించాను. చాలాసేపు ఆ పేజీ వంకే చూస్తూ కూర్చున్నాడు. అప్పటికే రెండో వాయిదా గడువు దాటి అయిదు నెలలైంది, మిగిలిన డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది. దానికితోడు సర్వీసు అయిదేళ్లు నిండలేదు కాబట్టి తీసిన పీఎఫ్ మీద 10 శాతం పన్ను ముందే కోసుకున్నారు. పాత ఖాతాను కొత్త కంపెనీకి మార్చుకుని ఉంటే ఆ పన్ను పడేది కాదు, ఎందుకంటే మార్చుకున్నప్పుడు పాత సర్వీసు కూడా అయిదేళ్ల లెక్కలో కలుస్తుంది.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది ఫారం 10సీ. నాతోపాటు పనిచేసిన ఒకాయన 2007 నుంచి 2014 వరకు ఒకచోట ఏడేళ్లు చేశాడు. మానేసేటప్పుడు 19తో పాటు 10సీ కూడా నింపి పెన్షన్ వాటా కూడా తీసేసుకున్నాడు. ఇంటి స్లాబు వేస్తున్నాడు, డబ్బు కావాలి, ఆయన్ని తప్పు పట్టను. ఏడాది ఖాళీగా ఉండి 2015లో మా కర్మాగారంలో చేరి 2023లో 58 నిండి దిగిపోయాడు. ఇక్కడ ఎనిమిదేళ్లు. ఈపీఎస్ పెన్షన్‌కు కనీసం పదేళ్లు కావాలి. మొదటి ఏడేళ్లు ఉంచుకుని ఉంటే, ఆ ఏడేళ్లకు 650, ఈ ఎనిమిదేళ్లకు 1,714, మొత్తం 2,364 నెలనెలా వచ్చేది. ఆయనకు వచ్చింది ఒక్కసారి ఇచ్చే మొత్తం మాత్రమే, దాంతో చరిత్ర ముగిసింది. అదే 10సీ ఫారంలో డబ్బు బదులు, ఆ సర్వీసును నిలిపి ఉంచే స్కీం సర్టిఫికెట్ అడిగే వీలుంది. ఆ గడిలో గుర్తు పెట్టమని చెప్పేవాడు ఆ రోజు ఆయన పక్కన లేకపోయాడు. అప్పటి నుంచి ఉద్యోగం మానేస్తున్న ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట, పదేళ్లు నిండకుండా 10సీ మీద సంతకం పెట్టేముందు రెండు రోజులు ఆగమని.

ఇప్పుడు మీ కొత్తూరు మిల్లు సంగతి. మూడు చోట్ల పీఎఫ్ ఉందన్నారు. కానీ మీరు చెప్పిన తేదీల్ని బట్టి యూఏఎన్‌లో, అంటే ఒక ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే సంఖ్యలో, రెండు ఖాతాలే కనిపించాలి. యూఏఎన్ సంఖ్యలు ఇవ్వడం మొదలైంది 2014లో. మీరు మిల్లు వదిలింది 2013లో. అప్పటి ఖాతాకు ‘ఏపీ హైదరాబాద్’ అని మొదలయ్యే పాత సంఖ్య ఒక్కటే ఉంటుంది. దాన్ని మీరు ప్రత్యేకంగా కలిపి ఉంటే తప్ప అది ఇప్పటికీ విడిగా పడి ఉంటుంది. ఆ రోజుల్లో ఏడాదికోసారి ఫారం 23 అని పల్చటి కాగితం మీద ఖాతా చీటీ ఇచ్చేవారు. మీ ఇంట్లో పాత సర్టిఫికెట్ల ఫైలు వెతకండి, సంఖ్య దాని మీద ఉంటుంది. దొరక్కపోతే పాత జీతపు చీటీలో చూడండి. ఆ నాలుగేళ్ల సర్వీసు కలవకపోతే మీ పెన్షన్‌లో నెలకు 371 రూపాయలు తగ్గుతాయి. దాంతోపాటు ఆ ఖాతాలోని నిల్వ కూడా ఎవరికీ పట్టకుండా పోతుంది.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. పాలమూరు నుంచి ముంబయి, పుణె నిర్మాణ పనులకు వెళ్లి వచ్చిన వాళ్లలో కాంట్రాక్టరు మారినప్పుడల్లా ఒక కొత్త సంఖ్య ఇచ్చినవాళ్లను చూశాను. నాలుగైదు ఖాతాలు, ఒక్కో దాంట్లో పది, పదిహేను వేలు. కలిపితే పదేళ్ల సర్వీసు, విడివిడిగా చూస్తే దేనికీ కొరగాదు.

కలిపే పద్ధతి కష్టం కాదు. ఆధార్‌తో ముడిపడిన ఒకే యూఏఎన్ కింద ఉన్న ఖాతాలకు ఇప్పుడు చాలా సందర్భాల్లో యజమాని ఆమోదం కూడా అవసరం లేకుండా పోర్టల్‌లోనే బదిలీ అవుతుంది. పాత కంపెనీ మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు. యూఏఎన్ లేని పాత సంఖ్యకు మాత్రం బదిలీ కోరే ఫారం 13 కాగితం మీదే నింపి ఇప్పటి కంపెనీ ద్వారా పంపవలసి రావచ్చు. మీ హెచ్‌ఆర్ వాళ్లు తాత్సారం చేస్తే, ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ అధికారులు నిర్వహించే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరానికి వెళ్లండి. హైదరాబాదు బర్కత్‌పురలోని పీఎఫ్ కార్యాలయం దాకా వెళ్లకుండానే చాలా పనులు అక్కడ కదులుతాయి.

బదిలీ అయ్యాక పాస్‌బుక్ చూసి చాలామంది గుండెలు బాదుకుంటారు, కాబట్టి ముందే చెబుతున్నాను. కొత్త ఖాతాలో ఉద్యోగి వాటా, యజమాని వాటా వచ్చి చేరతాయి, పెన్షన్ వరుసలో సున్నా ఉంటుంది. డబ్బు పోలేదు. పెన్షన్ వాటా అంకె కదలదు, సర్వీసు మాత్రమే కదులుతుంది. సర్వీసు చరిత్ర పేజీలో మూడు సంస్థల తేదీలూ వరుసగా కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

సూపర్‌యాన్యుయేషన్ దగ్గరకు వద్దాం. ఇది కంపెనీ తన ఇష్టపూర్వకంగా ఏర్పాటు చేసిన నిధి, దీన్ని ఒక ట్రస్టు నడుపుతుంది. దీని నియమం ప్రకారం, గ్రాట్యుటీ పొందే ఉద్యోగి చివర్లో మూడో వంతు నగదుగా పన్ను లేకుండా తీసుకోవచ్చు, మిగిలిన రెండు వంతులతో యాన్యుటీ కొనాలి. మీ 2 లక్షల 60 వేలు అప్పటికి 9 లక్షలవుతుందనుకుందాం. చేతికి 3 లక్షలు. మిగిలిన 6 లక్షలకు ఆరు శాతం చొప్పున యాన్యుటీ వస్తే నెలకు 3,000, దానిమీద పన్ను మీ శ్లాబును బట్టి ఉంటుంది.

అదే 9 లక్షలు ఎన్‌పీఎస్‌లో ఉంటే, చాలాకాలం పాటు ఉన్న నియమం కనీసం 40 శాతానికి యాన్యుటీ. 2025 డిసెంబరు సవరణతో ప్రభుత్వేతర చందాదారులకు అది 20 శాతానికి తగ్గింది. కాబట్టి మీ చేతికి 7 లక్షల 20 వేల దాకా రావచ్చు. పన్ను లేకుండా అన్నది మాత్రం ఎప్పటి నుంచో ఉన్న 60 శాతం లెక్కతోనే చూసుకోండి, అంతకుమించి తీసుకునే ముందు ఆ ఏటి నిబంధన చూపించుకోండి. మీకు నెలనెలా వచ్చేదే ఎక్కువ కావాలనిపిస్తే మొత్తం తొమ్మిది లక్షలతోనూ యాన్యుటీ కొనుక్కునే స్వేచ్ఛ ఉంది. సూపర్‌యాన్యుయేషన్‌లో ఆ నిర్ణయం మూడింట రెండు వంతుల మేరకు ముందే జరిగిపోయింది. ఎన్‌పీఎస్‌లో ఆ నిర్ణయాన్ని పదిహేడేళ్ల తర్వాత మీ ఇంటి పరిస్థితి చూసి మీరు తీసుకుంటారు. నేను మారమని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకో కారణం, ప్రాన్, అంటే మీ ఎన్‌పీఎస్ ఖాతా సంఖ్య, మీతోపాటు వస్తుంది. రేపు ఈ కర్మాగారం వదిలి ఇంకోచోటికి వెళ్లినా ఆ పన్నెండు అంకెల సంఖ్యే కొనసాగుతుంది. సూపర్‌యాన్యుయేషన్ లేని కంపెనీకి వెళ్లినవాళ్లు ఆ సొమ్మును ఏం చేయాలో తెలియక పాత ట్రస్టు చుట్టూ తిరగడం చాలాసార్లు చూశాను. పైగా ఇకముందు కంపెనీ మీ ఎన్‌పీఎస్‌లో కట్టే చందాకు, కొత్త పన్ను విధానంలో, మూలవేతనం, కరువు భత్యంలో 14 శాతం వరకు మినహాయింపు ఉంది.

మీ ఊళ్లో ఉపాధ్యాయులు సీపీఎస్, అంటే ప్రభుత్వ ఉద్యోగులకు ఎన్‌పీఎస్ కింద నడిచే చందా పెన్షన్, మీద చెప్పే మాటలు విని భయపడుతున్నానని కూడా రాశారు. వాళ్ల బాధ న్యాయమైనదే. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులకు, చివరి జీతంలో సగం వచ్చే పాత పెన్షన్ స్థానంలో అది వచ్చింది. వాళ్లు ఖాయమైనదాన్ని పోగొట్టుకున్నారు. మీరు పోగొట్టుకుంటున్నది ఏమీ లేదు. మీ పీఎఫ్ ఉంది, ఈపీఎస్ ఉంది, ఉద్యోగంలో ఉండగా ఏమైనా జరిగితే 7 లక్షల దాకా ఇచ్చే ఈడీఎల్ఐ బీమా ఉంది. పీఎఫ్ సభ్యత్వం ఉన్నంత కాలం అవన్నీ ఉంటాయి. ఎన్‌పీఎస్ వాటి పక్కన వచ్చి నిలబడుతుంది, వాటి స్థానంలోకి రాదు.

మీరు ఎంచుకోవడం గురించి ఎంతో ఉత్సాహంగా అడిగారు కాబట్టి ఎంపిక గురించి నా అభిప్రాయం చెబుతాను. ఎన్‌పీఎస్‌లో షేర్లు, కంపెనీ బాండ్లు, ప్రభుత్వ బాండ్లు విడివిడి విభాగాలు. ఎస్‌బీఐ, ఎల్‌ఐసీ, యూటీఐ, హెచ్‌డీఎఫ్‌సీ వంటి సంస్థల్లో ఒకదాన్ని ఫండ్ మేనేజరుగా పెట్టుకోవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. ఎవరికి ఇచ్చారన్నదానికన్నా షేర్లలో ఎంత పెట్టారన్నదే తేడా తెస్తుంది. మీరు ఏమీ చెప్పకుండా ఆటో పద్ధతిలో మధ్యరకం ఎల్‌సీ50 తీసుకుంటే, 35 ఏళ్ల దాకా 50 శాతం షేర్లు, అక్కడి నుంచి ఏటా 2 శాతం తగ్గుతూ 55కు 10 శాతానికి వస్తుంది. మీ వయసుకు 38 శాతం. నా లెక్కలో మీకు అది తక్కువ. ఎందుకంటే మీ మొత్తం పొదుపు 12 లక్షల్లో 9 లక్షల 40 వేలు ఇప్పటికే పీఎఫ్‌లో, స్థిరమైన వడ్డీ మీద ఉంది. ఎన్‌పీఎస్ వాటా అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువ. అది మొత్తం షేర్లలో ఉండి సగానికి పడిపోయినా మీ పొదుపు మొత్తంలో తగ్గేది తొమ్మిదో వంతు. కాబట్టి వాటాలు మీరే నిర్ణయించే యాక్టివ్ పద్ధతి తీసుకుని షేర్లకు 75 శాతం పెట్టండి, యాభై దాటాక మీరే తగ్గించుకోండి. రాత్రి నిద్ర పట్టదనిపిస్తే 50 పెట్టండి, అందులో తప్పేమీ లేదు.

బదిలీ జరిగే తీరు కూడా తెలుసుకోండి, ఎందుకంటే మధ్యలో ఎక్కడ ఆగిందో కనిపెట్టగలగాలి. ముందు ఎన్‌పీఎస్‌లో పింఛను కోసం ఉండే ప్రధాన ఖాతా, టైర్ 1, తెరిచి ప్రాన్ పనిచేసేలా ఉండాలి. మీ అభ్యర్థన కంపెనీ ద్వారా ట్రస్టుకు వెళుతుంది. ట్రస్టు డీడ్‌లో ఇలాంటి బదిలీకి చోటు ఉండాలి. మీ కంపెనీ సర్క్యులర్ ఇచ్చిందంటే సవరించుకునే ఉంటారు, అయినా ఒక మాట అడగండి. చెక్కు మీ పేరున రాయరు. ఎన్‌పీఎస్ డబ్బు వసూలు చేసే సంస్థ పేరు, ‘కలెక్షన్ అకౌంట్, ఎన్‌పీఎస్ ట్రస్ట్’, తర్వాత మీ పేరు, మీ ప్రాన్ సంఖ్య, ఇదంతా ఒకే వరుసలో ఉంటుంది. దాంతోపాటు ఇది సూపర్‌యాన్యుయేషన్ నిధి నుంచి వస్తున్న బదిలీ సొమ్ము అని కంపెనీ ఒక లేఖ జతచేయాలి. ఈ లేఖ నకలు తప్పకుండా తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఆదాయపు పన్ను నుంచి ప్రశ్న వస్తే మీ దగ్గర ఉండే ఆధారం అదే. ఈ మొత్తం ఈ ఏటి ఆదాయం కాదు, పన్ను పడదు. అలాగే ఇది ఈ ఏడు కట్టిన చందా కూడా కాదు, దీని మీద మినహాయింపు కోరకూడదు. ఆడిటరు తెలియక వేసేస్తాడు, చూసుకోండి.

డబ్బు దారిలో ఉన్న రోజుల్లో దానికి అక్కడా వడ్డీ ఉండదు, ఇక్కడా పెరుగుదల ఉండదు. అందుకే ట్రస్టు చెక్కు ఇచ్చిన తేదీ, మీ ప్రాన్ స్టేట్‌మెంటులో యూనిట్లు పడిన తేదీ రెండూ రాసి పెట్టుకోండి. రెండు మూడు వారాలు దాటితే వెంటపడండి. పడింది టైర్ 1లోనేనా అని కూడా చూడండి.

ఇవన్నీ ఆగిపోయేది సాధారణంగా పేరు దగ్గర. మన దగ్గర పీఎఫ్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళుతుంది. పుట్టిన తేదీ బడిలో చేర్చిన రోజు పంతులుగారు వేసింది ఒకటి, ఇంట్లో చెప్పేది ఒకటి. ప్రాన్ తెరిచేముందు మీ ఆధార్, పాన్, యూఏఎన్ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు అది సరిచేయించి తర్వాతే అభ్యర్థన పెట్టండి. నామినీ కూడా పీఎఫ్‌కు వేరు, ఎన్‌పీఎస్‌కు వేరు. 2009లో పెళ్లికి ముందు మీరు మిల్లులో రాసిన నామినేషన్‌లో మీ అమ్మగారి పేరే ఉండి ఉంటుంది. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు. పోర్టల్‌లో ఈ-నామినేషన్ వెంటనే చేయండి.

నెలాఖరు గడువు సూపర్‌యాన్యుయేషన్‌కే, కాబట్టి ఆ సంతకం ముందు పెట్టండి. తర్వాత పాత ఫైలు వెతికి మిల్లు ఖాతా సంఖ్య దొరికిందో లేదో రాయండి. ఆ సంఖ్యలో మొదటి అక్షరాలు, సంస్థ కోడ్ చెబితే చాలు, మొత్తం సంఖ్య ఇక్కడ రాయవద్దు. మిల్లు ఇప్పటికీ నడుస్తోందా, మూతపడిందా అన్నది కూడా చెప్పండి. మూతపడితే ఫారం 13 మీద పాత యజమాని ధ్రువీకరణ ఉండదు, అప్పుడు ఏ కాగితాలు జతచేయాలో విడిగా రాస్తాను.